టెక్సాస్‌లో కేసు సీల్ చేయిస్తే వీసా ఫారంలో ‘అరెస్టయ్యారా?’ అంటే ఏం రాయాలి?

ప్రశ్న: 2021 ఆగస్టులో ఎంఎస్ కోసం టెక్సాస్ వచ్చాను. ఆ డిసెంబరులో ఒక పెద్ద స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర కొన్ని సామాన్లు స్కాన్ చేయకుండా సంచిలో వేసుకున్నాను. వాటి విలువ 180 డాలర్లు. పోలీసులు అరెస్టు చేసి క్లాస్ బి మిస్‌డిమీనర్ (చిన్న నేరం) కింద దొంగతనం కేసు పెట్టారు. లాయరు చెప్పినట్టు ‘నో కాంటెస్ట్’ (నేరం ఒప్పుకోను, వాదించను) అన్నాను. 2022 మార్చిలో 9 నెలల డిఫర్డ్ అడ్జుడికేషన్ (దోషి అని తేల్చకుండా, షరతులు పాటిస్తే కేసు కొట్టేసే పద్ధతి) ఇచ్చారు. ఫీజులు కట్టాను, కమ్యూనిటీ సర్వీసు చేశాను. డిసెంబరులో కేసు డిస్మిస్ అయింది. ఇప్పుడు హెచ్-1బి మీద డాలస్ దగ్గర పనిచేస్తున్నాను. ఉద్యోగం మారాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది. ఫిబ్రవరిలో మా చెల్లి పెళ్లి, హైదరాబాద్‌లో స్టాంపింగ్ (పాస్‌పోర్టులో కొత్త వీసా) వేయించుకోవాలి. రూమ్మేట్లేమో ‘ఎక్స్‌పంజ్ చేయించెయ్, అసలు జరగనట్టే లెక్క, అన్నిటికీ నో పెట్టు’ అంటున్నారు. వాళ్ల మాట వినొచ్చా? గ్రీన్ కార్డుకి ఇది అడ్డమవుతుందా?
— పేరు వద్దన్న పాఠకుడు, టెక్సాస్

సమాధానం: ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. ముందు స్టాంపింగ్ ఫారం, ఎందుకంటే తప్పు చేస్తే వెనక్కి తీసుకోలేనిది అదొక్కటే. వీసా దరఖాస్తు ఫారం డిఎస్-160లో అరెస్టు గురించిన ప్రశ్నకి ‘అవును’ అనే పెట్టండి. కేసు సీల్ అయినా, డిస్మిస్ అయినా సరే. ఆ ప్రశ్న ఒకసారి పూర్తిగా చదవండి. ఎప్పుడైనా, ఏ నేరానికైనా అరెస్టయ్యారా లేదా శిక్ష పడిందా అని అడిగి, క్షమాభిక్షలాంటిది దొరికినా సరే చెప్పాలని అందులోనే రాసి ఉంటుంది. మీరు అరెస్టయ్యారు, వేలిముద్రలు ఇచ్చారు. అవి ఎఫ్‌బీఐకి వెళ్లాయి. రేపు కాన్సులేట్ కోసం ఇచ్చే వేలిముద్రలు వెళ్లి పోల్చుకునేది కూడా ఆ రికార్డులతోనే.

పైగా మీ విషయంలో నిజం చెబితే పోయేది చాలా తక్కువ, అబద్ధం చెబితే పోయేది చాలా ఎక్కువ. ఎందుకో తెలియాలంటే టెక్సాస్ చట్టం ఏమంటుందో, ఇమ్మిగ్రేషన్ చట్టం ఏమంటుందో విడివిడిగా చూడాలి. రూమ్మేట్లు ఆ రెంటినీ కలిపేశారు.

టెక్సాస్‌లో ‘సీల్’, ‘ఎక్స్‌పంజ్’ ఒకటి కావు. ఎక్స్‌పంక్షన్ అంటే రికార్డును నాశనం చేయడం. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 2025 జనవరి 1 దాకా 55వ అధ్యాయంగా ఉన్నది ఇప్పుడు 55ఏ. నిర్దోషిగా తేలినవాళ్లకీ, కేసే పెట్టకుండా వదిలేసిన వాళ్లకీ, ప్రొబేషన్ లాంటిదేమీ లేకుండా కేసు కొట్టేసిన వాళ్లకీ అది వర్తిస్తుంది. అరెస్టు చేసి కేసు పెట్టకపోతే ఆగాల్సిన కాలం క్లాస్ సి కి 180 రోజులు, క్లాస్ ఎ, బి లకి ఏడాది. క్లాస్ బి లేదా అంతకంటే పెద్ద నేరంలో డిఫర్డ్ అడ్జుడికేషన్ తీసుకుంటే ఎక్స్‌పంక్షన్ దారి మూసుకుపోతుంది, చివర్లో కేసు డిస్మిస్ అయినా సరే. మీకు ఎక్స్‌పంక్షన్ రాదు. ‘గ్యారంటీగా ఎక్స్‌పంజ్ చేయిస్తాం’ అని ఎవరైనా డబ్బు అడిగితే ఈ ఒక్క ముక్క చెప్పి ఫోన్ పెట్టేయండి.

మీకు దక్కేది ఆర్డర్ ఆఫ్ నాన్‌డిస్‌క్లోజర్. మనవాళ్లు సీలింగ్ అంటున్నది దీన్నే. రికార్డు ఉంటుంది కానీ మామూలు జనానికి, ప్రైవేటు కంపెనీలకి చూపించకూడదు. గవర్నమెంట్ కోడ్ 411.072 సెక్షన్ కింద, అంతకుముందు ఏ నేరంలోనూ శిక్షగానీ డిఫర్డ్‌గానీ లేనివాళ్లకి (జరిమానాతో పోయే ట్రాఫిక్ టికెట్లు లెక్కలోకి రావు) మిస్‌డిమీనర్ డిఫర్డ్ పూర్తవగానే కోర్టే ఈ ఆర్డర్ ఇవ్వాలి. డిఫర్డ్ మొదలైన రోజు నుంచి డిస్మిస్ అయ్యేలోపు 180 రోజులు దాటితే డిస్మిస్ చేసిన రోజే, దాటకపోతే 180 రోజులు నిండాక. దాడి, కుటుంబ తగాదాలు, ఆయుధాలు, లైంగిక నేరాల్లాంటి అధ్యాయాల కేసులకీ, తాగి నడిపిన కేసులకీ ఈ దారి లేదు. దొంగతనం పీనల్ కోడ్ 31వ అధ్యాయంలోది కాబట్టి ఉంది. మీది 9 నెలలు. అంటే 2022 డిసెంబరులోనే మీ ఆర్డర్ వచ్చి ఉండాలి.

వచ్చిందా? ముందు అది కనుక్కోండి. ‘ఆటోమేటిక్’ అని పేరే గానీ, అర్హత ఉందని చూపే కాగితాలు కోర్టుకి ఇచ్చి, క్లర్క్ దగ్గర 28 డాలర్లు కడితే తప్ప ఆర్డర్ బయటికి రాదు. డిస్మిస్ అయిన రోజు సంతోషంలో అందరూ ఇంటికి వెళ్లిపోతారు, లాయరు ఫైలు మూసేస్తాడు, ఆ 28 డాలర్లు ఎవరూ కట్టరు. మూడేళ్ల తర్వాత బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో కేసు కనిపించినప్పుడు గానీ గుర్తుకురాదు. కౌంటీ క్లర్క్ ఆఫీసుకి వెళ్లి కాజ్ నంబరు (కోర్టు కేసు నంబరు) చెప్పి ‘411.072 ఆర్డర్ ఉందా’ అని అడగండి. లేకపోతే టెక్సాస్ ఆఫీస్ ఆఫ్ కోర్ట్ అడ్మినిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లో నాన్‌డిస్‌క్లోజర్ ఫారాలు, వాటిని నింపే పద్ధతి ఉచితంగా దొరుకుతాయి. డిశ్చార్జ్ ఆర్డర్ కాపీ జతచేసి అదే కోర్టులో వేయండి. జడ్జి డిఫర్డ్ ఇచ్చేటప్పుడే ‘ఇతనికి ఆటోమేటిక్‌గా ఇవ్వడం న్యాయానికి మంచిది కాదు’ అని రాసి ఉంటే మాత్రం 411.0725 కింద పిటిషన్ వేయాలి. దానికి 28 డాలర్లతో పాటు సివిల్ ఫైలింగ్ ఫీజు కూడా పడుతుంది. ప్రాసిక్యూటర్‌కి నోటీసు వెళ్తుంది. నోటీసు అందిన 45 రోజుల్లో వాళ్లు హియరింగ్ అడగకపోతే జడ్జి హియరింగ్ లేకుండానే ఇచ్చేయొచ్చు.

ఇక్కడ తెలుగువాళ్లకి ప్రత్యేకంగా తగిలే చిక్కు పేరుతో వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, జైల్లో బుక్ చేసినప్పుడు ఇంకోచోట. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లని ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని ఎక్కించిన సందర్భాలున్నాయి. పొడవైన పేరు మధ్యలో తెగి రెండు ముక్కలవుతుంది. కోర్టు ఫైలులో ఒక పేరు, రాష్ట్రం నేర రికార్డులు ఉంచే డిపార్ట్‌మెంట్ ఆఫ్ పబ్లిక్ సేఫ్టీ (డీపీఎస్) రికార్డులో ఇంకో పేరు ఉంటే ఆర్డర్ వెళ్లినా అక్కడ జతపడదు. అందుకే ఫారంలో పేరు ఒక్కటే కాకుండా కాజ్ నంబరు, అరెస్టు తేదీ, అరెస్టు చేసిన డిపార్ట్‌మెంట్, రాష్ట్రపు ఐడీ నంబరు, ట్రాకింగ్ ఇన్సిడెంట్ నంబరు అన్నీ ఉన్నాయో లేదో చూడండి. తేదీలు అమెరికా పద్ధతిలో నెల ముందు వేయండి. జులై 5 మే 7 అయిపోయిందంటే ఇంకో మూడు నెలలు తిరగాలి.

ఆర్డర్ మీద సంతకం పడ్డాక 15 పని దినాల్లోపు క్లర్క్ దాన్ని డీపీఎస్‌కి పంపాలి. అందిన 10 పని దినాల్లోపు డీపీఎస్ తన రికార్డు సీల్ చేసి, పోలీసులకి, జైలుకి, తమ దగ్గర డేటా కొన్న ప్రైవేటు కంపెనీలకి కబురు చేయాలి. కాబట్టి నెలన్నర ఆగి మీ రికార్డు మీరే తెప్పించుకుని చూసుకోండి. కౌంటీ కోర్టు ఆన్‌లైన్ పోర్టల్‌లో మీ పేరు వెతకండి, పేరు ముందువెనకలు చేసి కూడా. అక్కడ కనిపిస్తే మళ్లీ క్లర్క్‌నే పట్టుకోవాలి. ఎందుకంటే చాలా బ్యాక్‌గ్రౌండ్ సంస్థలు డీపీఎస్‌ని అడగవు, నేరుగా కౌంటీ కోర్టు జాబితాలే చూస్తాయి.

ఇప్పుడు ఉద్యోగం. నాన్‌డిస్‌క్లోజర్ వచ్చాక ఉద్యోగం, లైసెన్సు దరఖాస్తుల్లో ఆ కేసు గురించి చెప్పనక్కర్లేదని టెక్సాస్ చట్టమే అంటోంది, 411.0755 సెక్షన్‌లో. ఈ విషయంలో రూమ్మేట్ల మాట నిజమే. ప్రైవేటు సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫారంలో ‘నో’ పెట్టడం మీ హక్కు. కానీ ఆర్డర్ చేతికొచ్చాకే. ఈరోజు ఆర్డర్ లేకుండా పెట్టకండి.

పాత డేటా ఎక్కడో మిగిలి, సీలైన కేసు రిపోర్టులో వచ్చిందనుకోండి. ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ ప్రకారం ఉద్యోగం తీసేసేముందు కంపెనీ ఆ రిపోర్టు కాపీ మీకివ్వాలి. వెంటనే రిపోర్టు చేసిన సంస్థకి ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ జతచేసి డిస్ప్యూట్ రాయండి. వాళ్లకి 30 రోజులు గడువు. మీ హెచ్‌ఆర్‌కి కూడా ‘డిస్ప్యూట్ వేశాను, ఆగండి’ అని అదే రోజు మెయిల్ పెట్టండి. ఇంకో మాట. శిక్ష పడని అరెస్టుల్ని ఏడేళ్లు దాటాక రిపోర్టు చేయకూడదని అదే చట్టంలో ఉంది గదా, 2028 చివరికి ఎలాగూ పోతుంది, ఈ తిప్పలెందుకు అనుకోకండి. ఏడాదికి 75,000 డాలర్లు, అంతకు పైబడిన జీతం ఉన్న ఉద్యోగాలకి ఆ ఏడేళ్ల హద్దు వర్తించదు. మన ఐటీ ఉద్యోగాలు చాలావరకు అందులోకే వస్తాయి.

సీల్ చేసినా చూడగలిగేవాళ్ల జాబితా టెక్సాస్ చట్టంలోనే ఉంది. పోలీసులు, ప్రాసిక్యూటర్లు సరే. స్కూల్ డిస్ట్రిక్టులు, మెడికల్ బోర్డు, నర్సింగ్ బోర్డు, లాయర్ల పరీక్ష బోర్డు, అకౌంటెన్సీ బోర్డు, ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్ కూడా అందులో ఉన్నాయి.

బ్యాంకు క్లయింటు దగ్గర ప్రాజెక్టు దొరికితే మాత్రం ఇంకో లెక్క. ఎఫ్‌డీఐసీ (ఫెడరల్ డిపాజిట్ బీమా సంస్థ) బీమా ఉన్న బ్యాంకుల్లో నిజాయితీకి సంబంధించిన నేరం ఉన్నవాళ్లని, డైవర్షన్ ప్రోగ్రాంలోకి (విచారణకి బదులు షరతులు పూర్తిచేసే ఏర్పాటు) వెళ్లినవాళ్లని కూడా, అనుమతి లేకుండా పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టంలో సెక్షన్ 19 ఉంది. వేలిముద్రలు తీసుకునేది అందుకే. 2022 డిసెంబరులో వచ్చిన ఫెయిర్ హైరింగ్ ఇన్ బ్యాంకింగ్ యాక్ట్ దీన్ని బాగా సడలించింది. రాష్ట్ర చట్టం ప్రకారం సీలైన కేసుల్ని, ఏడాది దాటిన షాప్‌లిఫ్టింగ్‌ని అది పక్కన పెట్టింది. సీలింగ్ ఫెడరల్ స్థాయిలో నిజంగా పనికొచ్చే అరుదైన చోటు ఇది. బ్యాంకు హెచ్‌ఆర్ వాళ్లకి ఈ మార్పు తెలియకపోవచ్చు, ఆర్డర్ కాపీతో పాటు ఈ చట్టం పేరు కూడా చెప్పండి.

ఇమ్మిగ్రేషన్‌కి వస్తే మాటల అర్థాలే మారిపోతాయి. 1996లో కాంగ్రెస్ ‘కన్విక్షన్’ అనే మాటకి ఇమ్మిగ్రేషన్ కోసం విడిగా నిర్వచనం రాసింది. నేరం ఒప్పుకోవడమో, నో కాంటెస్ట్ అనడమో, తప్పు రుజువయ్యేంత వివరం ఒప్పుకోవడమో ఒకటి. జడ్జి ఏదో ఒక శిక్షో, ఆంక్షో పెట్టడం రెండోది. ఈ రెండూ ఉంటే చాలు. మీరు నో కాంటెస్ట్ అన్నారు, జడ్జి 9 నెలల ప్రొబేషన్ లాంటిది, కమ్యూనిటీ సర్వీసు వేశాడు. టెక్సాస్ దృష్టిలో మీకు కన్విక్షన్ లేదు. అమెరికా ఇమ్మిగ్రేషన్ దృష్టిలో ఉంది. తర్వాత డిస్మిస్ అవడం, సీలవడం దాన్ని మార్చవు. 1999లో బోర్డ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అప్పీల్స్ ఇచ్చిన మ్యాటర్ ఆఫ్ రోల్డాన్ తీర్పు సారాంశం ఇదే: మంచి నడవడికకి బహుమతిగా రాష్ట్రం రికార్డు చెరిపేస్తే ఇమ్మిగ్రేషన్‌కి అది పట్టదు.

చాలామంది లాయర్లు ‘డిఫర్డ్ తీసుకో, కన్విక్షన్ పడదు’ అంటారు. వాళ్లు అబద్ధమాడడం లేదు, టెక్సాస్ గురించి చెబుతున్నారు. కానీ 2010లో పడీలా వర్సెస్ కెంటకీ తీర్పులో సుప్రీంకోర్టు, ఇమ్మిగ్రేషన్ మీద పడే దెబ్బ గురించి క్లయింటుకి చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యతేనంది. కేసు ఇంకా నడుస్తున్నవాళ్లు ఇది చదువుతుంటే, ప్లీ (నేరం ఒప్పుకుంటారా అన్నదానికి కోర్టులో జవాబు) ఇచ్చేముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒక గంట కూర్చోండి. ప్రీట్రయల్ డైవర్షన్ అయితే క్షేమం అని కూడా గుడ్డిగా అనుకోకండి. టెక్సాస్‌లోనే ఒక డైవర్షన్ ఒప్పందంలో నేరం ఒప్పుకుంటూ సంతకం చేసినందుకు అది కన్విక్షనే అని 2017లో మ్యాటర్ ఆఫ్ మొహమ్మద్‌లో తేల్చారు. ఒప్పుకోలు కాగితం లేని డైవర్షన్ వేరు, ఉన్నది వేరు. అడగాల్సింది ఆ కాగితం గురించి.

సరే, మీకు ఇమ్మిగ్రేషన్ కన్విక్షన్ ఉంది. అంత మాత్రాన వీసా రాదని కాదు. దొంగతనాన్ని ‘మోరల్ టర్పిట్యూడ్’ నేరాల్లో, అంటే నీతి తప్పిన నేరాల్లో లెక్కిస్తారు. అది మామూలుగా ప్రవేశానికి అడ్డు. కానీ చట్టంలోనే పెటీ అఫెన్స్ మినహాయింపు ఉంది. జీవితంలో అలాంటి నేరం ఒక్కటే ఉండాలి, దానికి చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్ష ఏడాది జైలుకి మించకూడదు, మీకు వేసిన జైలుశిక్ష ఆరు నెలలకి మించకూడదు. టెక్సాస్ క్లాస్ బి కి గరిష్ఠం 180 రోజుల జైలు, 2,000 డాలర్ల జరిమానా. మీకు జైలుశిక్ష వేయనే లేదు. మీరు మినహాయింపులో ఇమిడిపోతారు. దీనికి విడిగా ఫారం లేదు, వేవర్ (ప్రత్యేక మాఫీ) అక్కర్లేదు. అయితే ఇది మీకు వర్తిస్తుందని చూపే కాగితాలు మీ చేతిలో ఉండాలి.

లోపల ఉన్నవాళ్లని పంపేసే నిబంధన వేరు. ప్రవేశించిన ఐదేళ్లలోపు ఇలాంటి నేరం చేసి, దానికి ఏడాది లేదా అంతకు మించిన శిక్ష వేసే వీలుంటే డిపోర్టబుల్. టెక్సాస్‌లో దొంగిలించిన వస్తువు విలువ 100 నుంచి 750 డాలర్ల లోపుంటే క్లాస్ బి. 750 నుంచి 2,500 లోపుంటే క్లాస్ ఎ, దానికి గరిష్ఠం సరిగ్గా ఏడాది. అంటే క్లాస్ ఎ అయితే వీసాకి మినహాయింపు దొరుకుతుంది గానీ డిపోర్టేషన్ నిబంధనలో పడిపోతారు! ఒక ఐఫోన్ ధర తేడా అంతే. అలాంటివాళ్లకి సీలింగ్ ఏమీ చేయదు. లాయరు హెచ్చరించలేదన్న కారణంతో ప్లీనే రద్దు చేయించాలి, డిఫర్డ్ కేసుల్లో దానికి 11.072 ఆర్టికల్ కింద హేబియస్ పిటిషన్ (ఆ ఆర్డర్ చెల్లదని కోర్టుని అడిగే దరఖాస్తు) వేయాలి. లోపం నిజంగా చట్టపరమైనదై ఉండాలి. ఇమ్మిగ్రేషన్ ఇబ్బంది తప్పించడానికి మాత్రమే రద్దు చేస్తే లెక్కలోకి రాదని 2003లో మ్యాటర్ ఆఫ్ పికరింగ్ చెప్పింది.

మీది క్లాస్ బి కాబట్టి ఆ భయం లేదు. కానీ ఇంకొక్క దొంగతనం కేసు, ఎంత చిన్నదైనా, దానికీ ఇలాంటి ముగింపే వస్తే మినహాయింపు పూర్తిగా పోతుంది. అమెరికాకి వచ్చాక ఇలాంటివి రెండు ఉంటే ఎన్నేళ్ల తర్వాతైనా డిపోర్టబుల్. సెల్ఫ్ చెకౌట్ మెషిన్ల వైపు పోకుండా క్యాషియర్ ఉన్న లైన్లో నిలబడినా నష్టం లేదు.

అబద్ధం ధర ఇప్పుడు చూడండి. నిజం చెబితే పెటీ అఫెన్స్ కింద దాటిపోయే మనిషి, ‘నో’ పెట్టి దొరికితే అధికారి దాన్ని వాస్తవాన్ని కావాలని దాచడంగా రాయొచ్చు. దానికి జీవితకాల నిషేధం ఉంది. దొంగతనం కేసుకి లేని శిక్ష ఆ రెండక్షరాలకి పడుతుంది.

స్టాంపింగ్‌కి తయారీ ఇలా. కౌంటీ క్లర్క్ దగ్గర సర్టిఫైడ్ కాపీలు కనీసం మూడు సెట్లు తీసుకోండి. సెట్‌లో ఏముండాలంటే, నేరారోపణ పత్రం (అందులోనే క్లాస్ బి అని, విలువ ఎంతని ఉంటుంది), ప్లీ కాగితాలు, డిఫర్డ్ ఇచ్చిన ఆర్డర్, డిశ్చార్జ్ అండ్ డిస్మిసల్ ఆర్డర్, కేసు మొత్తం డాకెట్ షీటు. జిరాక్సు కాదు, క్లర్క్ ముద్ర ఉన్నవే. పేజీకి డాలరు, సర్టిఫికేషన్‌కి కొంచెం పైన, పెద్ద ఖర్చు కాదు. సీల్ ఆర్డర్ వేసేముందే తీసుకుంటే మేలు. నాన్‌డిస్‌క్లోజర్ తర్వాత కూడా మీ రికార్డు మీకు ఇస్తారు, కాకపోతే గుర్తింపు చూపించి కౌంటర్ దగ్గర కొంచెం తిరగాలి. 100 డాలర్ల లోపు క్లాస్ సి కేసులో డిఫర్డ్ తీసుకున్నవాళ్లకి మాత్రం ఎక్స్‌పంక్షన్ దొరుకుతుంది, వాళ్లు ముందు కాపీలు తీసుకోకపోతే మునిగినట్టే. రికార్డు నాశనమయ్యాక క్లర్క్ ‘మా దగ్గర ఏమీ లేదు’ అంటుంది, ఎఫ్‌బీఐలో అరెస్టు మిగిలి ఉండొచ్చు, ఏం జరిగిందో నిరూపించే భారం మీ మీద. కాన్సులేట్‌లో, గ్రీన్ కార్డు దగ్గర ‘రికార్డు లేదు’ అంటే ‘నేరం లేదు’ అని అర్థం చేసుకోరు.

పీనల్ కోడ్ 31.03 (దొంగతనం), 12.22 (క్లాస్ బి శిక్ష) సెక్షన్లు ప్రింట్ తీసి పెట్టండి, 12.22 లో 180 రోజుల దగ్గర గీత గీసి. అధికారి కంప్యూటర్‌లో వెతకనక్కర్లేకుండా ముందర పెడితే పని తేలిక. ఎఫ్‌బీఐ నుంచి మీ ఐడెంటిటీ హిస్టరీ సమ్మరీ కూడా తెప్పించుకోండి, 18 డాలర్లు. వాళ్ల దగ్గర మీ కేసు ఎలా కనిపిస్తుందో అందులో తెలుస్తుంది. తరచూ అరెస్టు మాత్రం ఉండి, ఫలితం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ వల్లే అధికారులకి కేసు ఇంకా నడుస్తున్నట్టు అనిపిస్తుంది. దాన్ని ఎఫ్‌బీఐ సొంతంగా మార్చదు, డీపీఎస్ ద్వారా ఫలితం పంపించాలి.

2025 ఏప్రిల్‌లో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ (విద్యార్థి వీసాల డేటాబేస్) రికార్డులు రద్దు చేసింది కూడా ఇలాంటి ఫెడరల్ డేటాబేస్‌లో పేర్లు వెతికే. డిస్మిస్ అయిన కేసులున్నవాళ్లూ అందులో చిక్కుకున్నారు. కోర్టులకెక్కాక ఆ నెలాఖరున తిరిగి పెట్టారు. రాష్ట్రం సీల్ చేసిందా లేదా అని అక్కడ ఎవరూ చూడలేదు.

డిఎస్-160 వివరణ గడిలో నాలుగు వాక్యాలు చాలు. ఏ తేదీన, ఏ కౌంటీలో, ఏ నేరం కింద, ఫలితం ఏమిటి. ‘పొరపాటున జరిగింది, నేను అలాంటివాణ్ణి కాదు’ లాంటివి వద్దు. నో కాంటెస్ట్ అని సంతకం పెట్టిన కాగితం వాళ్ల ముందు ఉన్నప్పుడు ఆ మాటలు మిమ్మల్నే ఇరికిస్తాయి. అడిగినదానికి జవాబు, అడిగిన కాగితం. అదే ఫారంలో వీసా ఎప్పుడైనా రద్దయిందా అనే ప్రశ్న కూడా ఉంటుంది. అరెస్టు తర్వాత మీ ఎఫ్-1 వీసాని కాన్సులేట్ రద్దు చేసి ఉండొచ్చు, ఆ కబురు అప్పటి దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్‌కి వస్తుంది. కాలేజీ రోజుల పాత మెయిల్ తెరిచి, స్పామ్ ఫోల్డర్‌తో సహా చూడండి.

నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ అయ్యాక 221(జి) చీటీ (వీసా నిర్ణయం వాయిదా) ఇచ్చి పాస్‌పోర్టు కొన్నాళ్లు ఆపడం ఇలాంటి కేసుల్లో మామూలు. ఎన్ని రోజులో ఎవరూ చెప్పలేరు. కాబట్టి పెళ్లికి రెండు రోజుల ముందు దిగి, పెళ్లయిన మూడో రోజున తిరుగు ప్రయాణం పెట్టుకోకండి. ఇంటర్వ్యూ తేదీ పెళ్లికి ముందే వచ్చేలా చూసుకుని, ఆలస్యమైతే ఇండియా నుంచి పనిచేయనిస్తారో లేదో మేనేజరుతో ముందే మాట్లాడుకోండి. కొత్త ఉద్యోగంలో చేరిన వారంలోనే ఈ ప్రయాణం అయితే చిక్కే. ఏది ముందో ఇప్పుడే తేల్చుకోండి. మా సలహా పాత కంపెనీలో ఉండగానే స్టాంపింగ్ ముగించుకుని, తర్వాత మారడం.

గ్రీన్ కార్డు దగ్గర, దాని దరఖాస్తు ఫారం ఐ-485లో, సీలైన కేసులతో సహా చెప్పమని అడుగుతారు. ఇవే కాగితాలు, ఇదే మినహాయింపు. కాకపోతే అది అధికారి విచక్షణ మీద ఉండే నిర్ణయం కాబట్టి, ఆ తర్వాతి ఏళ్ల మీ ట్యాక్సు రిటర్నులు, ఉద్యోగం, మళ్లీ ఏ గొడవా లేకపోవడం లెక్కకి వస్తాయి. మన క్యూ ఎంత పొడవో మీకు తెలుసు. అప్పటికి ఈ కౌంటీ క్లర్క్ ఆఫీసు ఎన్ని సాఫ్ట్‌వేర్లు మారుస్తుందో తెలియదు గనక, ఒక సెట్ విడిగా ఆ రోజు కోసమే దాచండి. పౌరసత్వానికీ ఇదే ప్రశ్న మళ్లీ వస్తుంది.

తాగి నడిపిన కేసుల మీద చాలామంది అడుగుతుంటారు గనక రెండు ముక్కలు. మామూలు డీడబ్ల్యూఐ మోరల్ టర్పిట్యూడ్ కాదు, కానీ వీసాకి దొంగతనం కంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అరెస్టు మీదే వీసా రద్దు చేయొచ్చు, గత ఐదేళ్లలో ఒక్క అరెస్టు ఉన్నా ప్యానెల్ డాక్టరు (కాన్సులేట్ ఆమోదించిన డాక్టరు) దగ్గరికి పంపుతారు. టెక్సాస్‌లో వాటికి డిఫర్డ్ దొరకడం 2019 సెప్టెంబరు నుంచే. రక్తంలో ఆల్కహాల్ 0.15 లేదా అంతకు మించితే నాన్‌డిస్‌క్లోజర్ లేదు. న్యూయార్క్‌లో 2024 నవంబరు 16న అమల్లోకి వచ్చిన క్లీన్ స్లేట్ చట్టం లాంటివి వేరే రాష్ట్రాల్లో ఉన్నాయి, గడువులు వేరు, పేర్లు వేరు. ఇమ్మిగ్రేషన్ విషయంలో ఫలితం మాత్రం ఇదే.

గూగుల్‌లో మీ ఫొటో కనిపిస్తుంటే, డబ్బులిస్తే తీసేస్తామనే మగ్‌షాట్ (అరెస్టు ఫొటోల) సైట్లకి పైసా ఇవ్వకండి. టెక్సాస్ చట్టం ప్రకారం ఆర్డర్ కాపీ పంపితే తీసేయాలి. వార్తాపత్రికల సైట్లకి ఆ బలవంతం లేదు.

తిరుగు ప్రయాణంలో వీసా చేతికొచ్చాక కాగితాలు సూట్‌కేసులో పెట్టి చెకిన్ చేయొద్దు. వీసా ఉన్నా ఎయిర్‌పోర్టులో సీబీపీ (సరిహద్దు తనిఖీ విభాగం) మళ్లీ అదే లెక్క వేస్తుంది, పక్కగదికి తీసుకెళ్లి అడగొచ్చు, అక్కడ మీ ఫోన్ వాడనివ్వకపోవచ్చు. ఒక సర్టిఫైడ్ సెట్, ఆ రెండు సెక్షన్ల ప్రింట్ చేతిసంచిలో పెట్టుకోండి, పాస్‌పోర్టు పక్కనే.